కత్తికి కిరీటం, కూలీకి పెట్టె

ఖతర్‌లో కత్తి పట్టాలంటే ముందు నువ్వు నువ్వేనని రుజువు చేసుకోవాలి. ఎంబీబీఎస్ పట్టా అసలుదేనా? ఎమ్మెస్ చదివింది నిజమేనా? ఫలానా ఆసుపత్రిలో ఐదేళ్ళు ఆపరేషన్లు చేశానంటున్నావు, చేశావా, టీలు తాగుతూ కూర్చున్నావా? నీ మాట నమ్మరు. నీ జిరాక్సు అసలే నమ్మరు. డేటాఫ్లో అనే సంస్థ నేరుగా మన యూనివర్సిటీకే రాసి అడుగుతుంది. మన యూనివర్సిటీ గుమాస్తా భోజనం ముగించి, సీటుకొచ్చి, ఫైలు వెతికి జవాబు పంపేదాకా సర్జనుగారు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే. ఆ తర్వాత మన మెడికల్ కౌన్సిల్ ఇచ్చే సత్ప్రవర్తన పత్రం. మినహాయింపు లేనివాళ్ళకు కంప్యూటర్ ముందు పరీక్ష కూడా.

ఇదంతా చూసేందుకు 2013లో అమీరు ఉత్తర్వుతో ఒక కౌన్సిల్ వెలిసింది. ఇప్పుడది ప్రజారోగ్య మంత్రిత్వ శాఖలో ఒక విభాగం. బాగుంది. చాలా బాగుంది. కోసేవాడి జాతకం మొత్తం తెలియాల్సిందే. కాంపౌండరుగా చేరి, నాలుగేళ్ళకు బోర్డు మీద డాక్టరయ్యే మహానుభావులున్న నేల మీద పుట్టిన మనకు ఆ కట్టుదిట్టం చూస్తే కడుపు నిండుతుంది.

మరి బల్ల మీద పడుకున్నవాడి జాతకం ఎవరడిగారు? వాడు అక్కడికెందుకొచ్చాడు? నడుం ఎలా విరిగింది? విరగ్గొట్టిందెవరు? ఆ కాలమ్ ఏ ఫారంలో ఉంది?

లెక్కలు లేవనకండి. లెక్కలు సర్జన్లే కట్టారు. దోహాలోని హమద్ ఆసుపత్రి ట్రామా సర్జన్లు 2007 నవంబరు నుంచి ఏడాదిపాటు, ఎత్తు నుంచి పడి తమ దగ్గరికొచ్చినవాళ్ళ వివరాలు రాసిపెట్టారు. మొత్తం 315 మంది. అందులో 298 మంది పనిలో పడ్డవాళ్ళే. దాదాపు అందరూ వలసవచ్చిన మగవాళ్ళు. సగటు వయసు ముప్ఫై మూడు. 2013లో ఆ వివరాలతో వ్యాసం అచ్చయింది. మంచి పని చేశారు, దండం పెట్టాలి. తర్వాత? పరంజా కట్టిన కంపెనీ పేరేమిటి? బెల్టు ఇవ్వని ఫోర్‌మన్ ఎవరు? అది వైద్యశాస్త్రం పరిధిలోకి రాదు కాబోలు. విరిగిన ఎముక సర్జను పరిధి. విరగ్గొట్టిన చెయ్యి ఎవరి పరిధీ కాదు.

అసలు సర్జన్లకు సంఘాలెందుకు పుట్టాయి? పుట్టుక కథ మహా రంజుగా ఉంటుంది. 1540లో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ గారు క్షురకులనూ సర్జన్లనూ ఒకే గాటన కట్టి ఒక కంపెనీ చేశాడు. నేర్చుకోవడానికి ఏడాదికి నలుగురు ఉరిపడ్డ నేరస్థుల శవాలు ఇప్పించాడు. రెండు వందల ఏళ్ళు గడిచాక సర్జన్లకు క్షురకుల పక్కన కూర్చోవడం నామోషీ అయింది. 1745లో విడిపోయారు. 1800లో రాజముద్రతో రాయల్ కాలేజీ అయ్యారు. ఎడిన్‌బరా వాళ్ళు మేం 1505 నుంచే ఉన్నామని మీసం తిప్పుతారు. మన ఊళ్ళలోనూ తరతరాలు కురుపులు కోసి కట్టు కట్టింది నాయీబ్రాహ్మణులే, కాన్పులు చేసింది వాళ్ళింటి ఆడవాళ్ళే. వాళ్ళకు ఏ రాజూ చార్టరు ఇవ్వలేదు. కాలేజీ కట్టలేదు. పైగా పొద్దున్నే ఎదురొస్తే అపశకునమన్నాం. అక్కడి కత్తికి కిరీటం, ఇక్కడి కత్తికి ఛీత్కారం. సరే, అది వేరే లెక్క, వేరేగా తేల్చుకోవాలి.

సంఘం పెట్టినప్పుడు ప్రతివాడూ చెప్పే మాట ఒకటే. రోగి క్షేమం! ఆ మాట ఎంతవరకు నిలబడిందో అమెరికా వెళ్ళి చూద్దాం. ఎర్నెస్ట్ కాడ్‌మన్ అని బోస్టన్‌లో ఒక సర్జన్. ఆయన అడిగింది చిన్న సంగతి. ఆపరేషన్ చేసి పంపించేశాం సరే, ఏడాది తర్వాత ఆ రోగి ఎలా ఉన్నాడో చూద్దాం, తప్పు జరిగితే ఎవరిదో రాసుకుందాం అన్నాడు. అంతే! 1915లో ఒక సభలో, బోస్టన్ పెద్ద డాక్టర్లు బంగారు గుడ్ల కోసం కళ్ళు మూసుకుంటున్నారని వెక్కిరిస్తూ బొమ్మ వేయించి చూపాడు. సర్జన్ల సంఘంలో ఆయన కుర్చీ పోయింది. ప్రాక్టీసు పోయింది. 1940లో చనిపోతే సమాధికి పేరు చెక్కిన పలక కూడా లేదు. 2014లో సర్జన్ల సంఘాలవాళ్ళు కలిసి పలక పెట్టించారు. బతికున్నప్పుడు రాళ్ళేసి, పోయిన 74 ఏళ్ళకు రాయి పాతారు. ఎంత గౌరవం!

ఇంకా ఉంది. 1913లో పుట్టిన అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ వాళ్ళు దేశంలోని ఆసుపత్రులను తనిఖీ చేశారు. వంద మంచాలకు మించినవి 692 చూశారు. కనీస ప్రమాణానికి నిలబడ్డవి 89. గొప్ప గొప్ప పేర్లు కూడా కొన్ని తప్పాయి. మరి ఏం చేశారు? జనానికి చెప్పారా? 1919లో న్యూయార్కులో వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో మహాసభ. ఆ జాబితా విలేకరుల చేతిలో పడుతుందేమోనని హోటల్ కొలిమిలో వేసి తగలబెట్టారు. రోగి క్షేమం కోసం మొదలెట్టిన లెక్క, ఆసుపత్రి పరువు కోసం బూడిదయింది.

ఆ తనిఖీ కార్యక్రమమే పెరిగి పెద్దదై 1951లో జాయింట్ కమిషన్ అయింది. దాని అంతర్జాతీయ శాఖ ఇచ్చే గుర్తింపే ఇవాళ హమద్ ఆసుపత్రుల గోడల మీద మెరుస్తోంది. మందు తప్పుగా ఇచ్చారా, చెయ్యి కడిగారా, కుడికాలికి బదులు ఎడమకాలు కోశారా, అన్నీ చూస్తారు. ఆసుపత్రి గేటు లోపల ఈగ వాలినా నోటు రాస్తారు. గేటు బయట?

గేటు బయట సనాయా ఉంది. ఇండస్ట్రియల్ ఏరియా అని మ్యాపులో రాస్తారు, మనవాళ్ళు సనాయా అంటారు. అక్కడ క్యాంపులో ఒకదాని మీద ఒకటి మంచాలేసుకుని పడుకునే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ కుర్రాళ్ళున్నారు. ఏజెంటుకు లక్షలు కట్టి వచ్చిన బాకీ తల మీద ఉంది. వాళ్ళ కోసం 2018లో హజ్మ్ ముబైరీక్ అని ప్రత్యేకంగా ఆసుపత్రి కట్టారు. ఖతర్ గవర్నమెంటు ఏమీ చేయలేదనడం అబద్ధం. ప్రమాదమైతే అంబులెన్సు వస్తుంది. మన గాంధీ ఆసుపత్రిలో, కేజీహెచ్‌లో స్ట్రెచర్ కోసం బతిమాలుకునే ఖర్మ అక్కడ లేదు. కోత బ్రహ్మాండం. కుట్టు బ్రహ్మాండం. 2023లో బ్రెజిల్ ఆటగాడు నెయ్‌మార్ చీలమండ బాగుచేయించుకోవడానికి పారిస్ నుంచి దోహాకే వచ్చాడు, ఆస్పెటార్ ఆసుపత్రికి. ఫ్రాన్సులో సర్జన్లు లేకనా? దోహా కత్తికి అంత పేరు మరి! అతను ఆడి చీలమండ చెడగొట్టుకున్నాడు. ఖతర్‌లో ప్రపంచకప్ ఆడిన మైదానాలు కట్టి నడుం పోగొట్టుకున్నవాడికి ఏ ఆసుపత్రి పేరు చెబుదాం?

ఆ మైదానాల లెక్కా విందాం. నిర్వాహకులు ముందు చెప్పింది స్టేడియం పనిలో ప్రమాదాల్లో పోయింది ముగ్గురని. 2022 నవంబరులో ప్రపంచకప్ అధిపతి హసన్ అల్ థవాది టీవీలో, 400 నుంచి 500 మధ్య ఉండొచ్చన్నారు. వెంటనే, అది దేశంలోని అన్ని పనుల లెక్క అని సర్దుకున్నారు. లండన్ గార్డియన్ పత్రిక 2021లో, పదేళ్ళలో మన ఉపఖండం దేశాలవాళ్ళు 6,500 మందికి పైగా ఖతర్‌లో చనిపోయారంది. ఒక్క భారతీయులే 2,711. అన్నీ పని చావులు కావు, ముసలితనం చావులూ రోడ్డు చావులూ ఉన్నాయి, లక్షల జనాభాలో ఇది మామూలేనంది ప్రభుత్వం. సరే, ఏది పని చావు, ఏది మామూలు చావు? ఎవరు తేల్చాలి?

డాక్టరు తేల్చాలి. అక్కడే ఉంది కిటుకంతా.

గార్డియన్ లెక్కలో భారతీయుల చావులు నూటికి ఎనభై సహజ మరణాలట. గుండె ఆగింది. శ్వాస ఆగింది. అయ్యా, చచ్చిన ప్రతివాడికీ గుండె ఆగుతుంది, శ్వాస ఆగుతుంది! ఆగకపోతే చావలేదన్నమాట. ఎందుకు ఆగిందన్నది కదా ప్రశ్న? ముప్ఫై ఏళ్ళవాడు, ఊళ్ళో రెండు బస్తాలు ఒక్క భుజాన మోసినవాడు, మెడికల్ పాసై విమానమెక్కినవాడు, రాత్రి పడుకుని తెల్లారి లేవకపోతే అది సహజమెలా అవుతుంది? 2021లో ఆమ్నెస్టీ వాళ్ళు 18 మరణ ధ్రువపత్రాలు తిరగేస్తే 15 పత్రాల్లో అసలు కారణమే లేదు. శవపరీక్ష చేయవచ్చు కదా? నేరమన్న అనుమానమో, ముందునుంచీ జబ్బున్న సంగతో ఉంటే తప్ప 2012 నాటి ఖతర్ చట్టం ఒప్పుకోదు. ఆ చట్టం మార్చండి, గుండె ఆగిన చావుల మీద అధ్యయనం చేయండి అని డీఎల్ఏ పైపర్ అనే న్యాయ సంస్థ 2014లోనే రాసిచ్చింది. ఆ సంస్థను పిలిచి, ఫీజిచ్చి రాయించుకున్నది ఖతర్ ప్రభుత్వమే!

ఎండ సంగతి దాచినా దాగలేదు. 2009 నుంచి 2017 దాకా ఖతర్‌లో గుండెజబ్బుల కింద రాసిన 571 మంది నేపాలీ కార్మికుల చావులను కొందరు పరిశోధకులు 2019లో ఎండ లెక్కతో పోల్చి చూశారు. వేడి నుంచి సరిగ్గా కాపాడి ఉంటే 200 మంది దాకా బతికేవాళ్ళన్నారు. అప్పటికి ఉన్న నిబంధనేమిటి? జూన్ 15 నుంచి ఆగస్టు 31 దాకా మధ్యాహ్నం పదకొండున్నర నుంచి మూడింటి దాకా బయట పని ఆపాలి. ఎడారి సూర్యుడు క్యాలెండరు చూసుకుని సెప్టెంబరు ఒకటిన చల్లబడతాడు కదా! 2021లో గానీ ఆ గడువు పెంచలేదు. జూన్ ఒకటి నుంచి సెప్టెంబరు పదిహేను దాకా, పొద్దున పది నుంచి మూడున్నర దాకా అన్నారు. వేడి ఫలానా మోతాదు దాటితే ఏ గంటైనా పని బంద్ అన్నారు. మెచ్చుకుందాం. ముందు పోయినవాళ్ళ ధ్రువపత్రాలు దిద్దుతారా? ఊహూ.

'మరణ ధ్రువపత్రం రాసేది సర్జను కాదండీ, మమ్మల్నెందుకు లాగుతారు' అంటారు. నిజమే. కత్తి మీది, కలం మరొకరిది. కానీ మీ సంఘం మాటకున్నంత బరువు ఎవరి మాటకుంది? ట్రామా అనే మాట ముందు మీ నోట్లోంచే వస్తుంది. విరిగి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఏ పని చేసేవాళ్ళో, ఏ వయసువాళ్ళో ముందు చూసేది మీరే. ప్రతి ఆసుపత్రి గోడ మీదా మీ ప్రమాణాలే. నోరెందుకు పెగలదు?

పెగిలితే ఏమవుతుందో పక్క దేశంలో చూశారు. బహ్రెయిన్‌లో 2011లో జనం ప్రభుత్వం మీద రోడ్డెక్కారు. సల్మానియా ఆసుపత్రికి గాయపడ్డవాళ్ళు వచ్చారు. డాక్టర్లు వైద్యం చేశారు, జరిగింది చూసింది చెప్పారు. ఇరవై మంది వైద్య సిబ్బందికి ఐదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ దాకా శిక్ష. అందులో ఎముకల సర్జను అలీ అల్ ఎక్రీ ఒకరు. అప్పీలులో పదిహేను ఐదయింది, 2017 దాకా జైల్లోనే ఉన్నారు. ఆయన శిక్షణ పొందింది ఐర్లండు రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో, 1784 నాటి సంస్థ. అదే కాలేజీకి బహ్రెయిన్‌లో 2004 నుంచి ఒక విశ్వవిద్యాలయం ఉంది. తమ బిడ్డ జైల్లో ఉంటే కాలేజీ వారు ఎంత గట్టిగా అరిచారు? ఐర్లండు డాక్టర్లే సిగ్గుపడేంత మెల్లగా. 2013లో అక్కడి ప్రాంగణంలో వైద్య నీతి మీద ఒక సదస్సు తలపెట్టారు. వైద్య నీతి మీద! అది కూడా జరగనివ్వలేదు. విశ్వవిద్యాలయం అధ్యక్షుడు టామ్ కాలిన్స్ రాజీనామా చేసి వెళ్ళిపోయారు. ఆయనొక్కడికి వెన్నెముక ఉందని ఏ ఎక్స్‌రే అవసరం లేకుండానే తేలిపోయింది.

కాబట్టి దోహాలో మన తెలుగు సర్జను ఎందుకు మాట్లాడడో అర్థం చేసుకోవచ్చు. ఆయనా పరాయివాడే. ప్రభుత్వ ఆసుపత్రిలో కత్తి పట్టినవాడికైనా దేశం దాటాలంటే 2020 దాకా ఎగ్జిట్ పర్మిట్ ఉండాల్సిందే. ఎఫ్ఆర్‌సీఎస్ పట్టా ఉన్న సర్జనైనా తాపీ మేస్త్రీ అయినా ఆ కాగితం ముందు చాలాకాలం సమానులే. సామ్యవాదమంటే అదీ! సంఘం పెట్టుకుందామా? 2004 నాటి కార్మిక చట్టం ప్రకారం కార్మిక సంఘాల్లో సభ్యత్వం ఖతరీలకే. దేశంలో పదిమందిలో తొమ్మిది మంది పరాయివాళ్ళు, సంఘం మాత్రం ఆ మిగిలిన ఒక్కడికి. పని మనది, సభ్యత్వం వాళ్ళది. భలే పంపకం.

అందుకని మనవాళ్ళు క్లబ్బులు పెట్టుకున్నారు. ఇండియన్ డాక్టర్స్ క్లబ్ వారు కూలీల కోసం ఉచిత వైద్య శిబిరాలు నడుపుతారు. సెలవు రోజున నిద్ర మానుకుని బీపీలు, షుగర్లు చూసే ఆ డాక్టర్లను నేను ఎగతాళి చేయను. వాళ్ళ పుణ్యాన మందు దొరికినవాళ్ళున్నారు. కానీ ప్రపంచంలో తలసరి ఆదాయంలో ముందు వరుసన కూర్చున్న దేశంలో, ఆ దేశాన్ని కట్టినవాడికి బీపీ చూడ్డానికి ధర్మశిబిరం కావలసి రావడమేమిటి? యజమానులే పరాయి ఉద్యోగులకు ఆరోగ్య బీమా చేయించాలని 2021లో చట్టం చేసుకున్నారు కదా!

ఇక ఇంటి సంగతి. ఖతర్ పరాయి దేశం, నోరెత్తితే వీసా పోతుంది. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఉన్న సర్జన్లకు ఏమైంది? అసోసియేషన్ ఆఫ్ సర్జన్స్ ఆఫ్ ఇండియా 1938 నాటిది. కేంద్ర కార్యాలయం చెన్నైలో. రాష్ట్రాల శాఖలున్నాయి, వార్షిక మహాసభలున్నాయి, పత్రికుంది, బంగారు పతకాలున్నాయి. మహాసభల్లో రోబో ఎలా కోస్తుందో లైవ్‌లో చూపిస్తారు. ఆ రోబో పక్కన స్టాలులో దాన్ని అమ్మేవాడు నవ్వుతూ నిలబడతాడు. సాయంత్రం విందు. మర్నాడు ఎవరిదో పేరు వెనక నాలుగు అక్షరాలు పెరుగుతాయి. గల్ఫ్‌లో విరిగి తిరిగొచ్చిన నడుముల మీద ఒక్క సెషన్ ఎప్పుడైనా చూశారా? మూత్రపిండాలు ఎండిపోయి, వెన్ను ఇనుపరాడ్లతో బిగించుకుని, కాగితాలన్నీ అరబ్బీలో పట్టుకుని శంషాబాద్‌లో దిగినవాడికి ఆ కాగితం చదివి పెట్టే మనిషి ఏ సంఘంలో ఉన్నాడు?

నీతి అంటే మన సంఘాలకు ఎంత మక్కువో 2023లో తేలింది. జాతీయ వైద్య కమిషన్ ఆగస్టు 2న డాక్టర్ల ప్రవర్తనా నియమావళి తెచ్చింది. మందుల కంపెనీల ఖర్చుతో జరిగే సదస్సులకు వెళ్ళొద్దంది. జెనరిక్ పేర్లతో రాయమంది. జెనరిక్ మందుల నాణ్యతకు పూచీ ఎవరని డాక్టర్లు అడిగారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ న్యాయమైన ప్రశ్న చాటున సదస్సుల నిషేధం కూడా చక్కా జారుకుంది. ఆగస్టు 23న నియమావళి మొత్తం అటకెక్కింది. నీతికి మన దేశంలో ఆయుష్షు మూడు వారాలు. పాత మెడికల్ కౌన్సిల్ సంగతి తవ్వితే మరీ కంపు. దాని అధ్యక్షుడు కేతన్ దేశాయిని 2010లో లంచం ఆరోపణపై సీబీఐ అరెస్టు చేసింది. కౌన్సిల్‌నే రద్దు చేశారు. ఆ కేసు నడుస్తుండగానే 2016లో ఆయన ప్రపంచ వైద్య సంఘానికి అధ్యక్షుడయ్యారు! ఖతర్‌లో చేరబోయే ఎమ్మెస్ కుర్రాడు మాత్రం సత్ప్రవర్తన పత్రం తేవాలి. తేవాల్సింది మెడికల్ కౌన్సిల్ నుంచే!

ఇదంతా మాటల యుద్ధం అనుకునేవాళ్ళకు ఒక లెక్క చెప్తాను. విదేశం వెళ్ళే మన కూలీకి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్ళకు 275 రూపాయలు కడతాడు. ప్రమాదంలో చనిపోతే ఇంటికి 10 లక్షలు. ప్రమాదంలో! గుండె ఆగిందని రాస్తే అది ప్రమాదం కాదు. కంపెనీ నష్టపరిహారమూ అంతే, పని వల్ల పోయాడని తేలితేనే. అంటే ఆసుపత్రిలో ఎవరో ఒకరు గీకిన ఒక్క మాట మీద సిరిసిల్లలో ఒక ఇల్లు నిలుస్తుంది, లేదా అమ్ముడుపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో పోయినవాళ్ళ కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని జీవో ఇచ్చింది. ఇవ్వండి, సంతోషం. చంపినవాడు కట్టాల్సింది మన పన్నుల్లోంచి కడుతున్నామని మాత్రం గుర్తు పెట్టుకోండి.

సర్జన్ల సంఘాల పెద్దలారా, మీ తర్వాతి మహాసభ ఎజెండాలో ఒక్క తీర్మానం పెట్టండి. నలభై ఏళ్ళు నిండని వలస కార్మికుడెవడు చనిపోయినా శవపరీక్ష చేయకుండా సహజ మరణమని రాయడానికి వీల్లేదని, ఇంటివాళ్ళు వద్దంటే ఆ మాటా పత్రం మీద రాయాలని, ఖతర్ ఆరోగ్య మంత్రికీ మన విదేశాంగ మంత్రికీ ఒక కాగితం రాయండి. మీ ఎఫ్ఆర్‌సీఎస్‌లు, మీ బంగారు పతకాలు, మీ పేరు వెనక ఉన్న అక్షరాలన్నీ ఆ కాగితం కింద పెట్టండి. దానికి వీసా అక్కర్లేదు. స్పాన్సరూ అక్కర్లేదు.